అమెరికా దక్షిణాదిలో యూనివర్సిటీ ఊరిని ఎంచుకోవడం: చాపెల్ హిల్, ఏథెన్స్, ఆక్స్‌ఫర్డ్, ఫేయెట్‌విల్

ఏటా మార్చి వచ్చేసరికి నాకు తెలిసిన కుటుంబాల నుంచి ఒకే రకమైన ప్రశ్న ఎదురవుతుంది. అబ్బాయికో అమ్మాయికో జార్జియాలోనో మిసిసిపీలోనో పీహెచ్‌డీ సీటూ, దానితోపాటు స్టైపెండూ వచ్చి ఉంటాయి. చేరేదీ లేనిదీ ఏప్రిల్ 15 లోగా తేల్చి చెప్పాలి. చదువు సంగతి ఎవరికీ సందేహం లేదు గాని, ఊరి సంగతే ఇంటిల్లిపాదికీ బెంగ. "అక్కడివాళ్లు మనవాళ్లను ఎలా చూస్తారండీ?" అని తల్లులు అడుగుతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉద్యోగం వచ్చి భార్యాపిల్లలతో తరలవలసినవారు అదే ప్రశ్నను ఇంకొంచెం గొంతు తగ్గించి అడుగుతారు.

దీనికి రెండు తేలిక జవాబులు మనవాళ్లలో బాగా చలామణీలో ఉన్నాయి. దక్షిణాది అంతా ఒకటే, అటు వెళ్లకపోవడమే మేలని కొందరంటారు. రాష్ట్రం ఎలాంటిదైనా యూనివర్సిటీ ఉన్న ఊరు ఉదారంగానే ఉంటుంది, దిగులు పడనక్కర్లేదని మరికొందరు ధైర్యం చెబుతారు. ఈ రెండు మాటలనూ నమ్మి నిర్ణయం తీసుకున్నవారు తరవాత ఇబ్బంది పడటం చూశాను కనుక, నాలుగు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూపడం మంచిదని అనుకుంటున్నాను. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్, జార్జియాలోని ఏథెన్స్, మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్, ఆర్కన్సాలోని ఫేయెట్‌విల్ నాలుగూ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ ఆధారంగా బతికే ఊళ్లే. అయినా ఒకదానికి పనికొచ్చే సలహా మరొకదానికి పనికిరాదు.

ఓట్ల లెక్క ఎంతవరకు నమ్మాలి

చాలామంది మొదట చూసేది అధ్యక్ష ఎన్నికల పటం. 2020లో చాపెల్ హిల్ ఉన్న ఆరెంజ్ కౌంటీలో బైడెన్‌కు సుమారు 75 శాతం, ఏథెన్స్ ఉన్న క్లార్క్ కౌంటీలో సుమారు 70 శాతం ఓట్లు పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్ ఉన్న లఫేయెట్ కౌంటీలో ట్రంప్‌కు స్పష్టమైన ఆధిక్యం వచ్చింది; ఫేయెట్‌విల్ ఉన్న వాషింగ్టన్ కౌంటీలో ఆయన దాదాపు సగం ఓట్లతో కొద్ది తేడాతో గట్టెక్కారు. ఈ అంకెలు నిజమే గాని, మీరు అక్కడ బతకబోయే బతుకు గురించి ఇవి చెప్పేది చాలా తక్కువ. ఓటు వేసినవారిలో నాలుగేళ్లు చదువుకుని వెళ్లిపోయే విద్యార్థులు ఎంతమందో, తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఆ పటంలో కనిపించదు. పేదరికం లెక్కలదీ ఇదే తంతు. సొంత సంపాదన లేని విద్యార్థులు వేల సంఖ్యలో ఉండటంతో యూనివర్సిటీ ఊరి పేదరికం శాతం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ అంకెను చూసి భయపడేవారూ ఉన్నారు, అదంతా విద్యార్థుల లెక్కేలే అని కొట్టిపారేసి నిజంగా పేదరికంలో ఉన్న నల్లజాతి పేటలను చూడకుండా పోయేవారూ ఉన్నారు. రెండో పొరపాటే పెద్దదని నా అభిప్రాయం.

అందువల్ల అధ్యక్ష ఎన్నికలను పక్కన పెట్టి, కౌంటీ ఎన్నికల కార్యాలయం పోలింగ్ కేంద్రాల వారీగా ప్రకటించే ఫలితాలను, అందులోనూ మేయర్, స్కూల్ బోర్డు, షెరీఫ్ ఎన్నికల ఫలితాలను చూడండి. మీరు అద్దెకు చూస్తున్న ఇల్లు ఏ కేంద్రం కిందికి వస్తుందో వెతికి, దాని అంకెను క్యాంపస్‌లోని కేంద్రం అంకెతో పోల్చండి. క్యాంపస్, దాని చుట్టూ ఊరు, ఊరి చుట్టూ కౌంటీ, వీటన్నిటి మీద రాష్ట్ర రాజధాని ఉంటాయి. యూనివర్సిటీ ఊళ్లో మనిషి ఒకే రోజున ఈ నాలుగు పరిధుల్లోనూ తిరుగుతాడు. ఏ విషయం మీద ఎవరి మాట చెల్లుతుందో తెలిస్తేనే ఊరు అర్థమవుతుంది.

విగ్రహం కథ అడగండి

ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి కొలమానం, ఆ ఊళ్లోని కాన్ఫెడరేట్ సైనికుడి స్మారకానికి ఏమైందని అడగడం. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడి ఓడిన సైన్యం జ్ఞాపకార్థం, ఆ యుద్ధం ముగిసిన కొన్ని దశాబ్దాలకు, దక్షిణాదిలో చాలా ఊళ్లలో కోర్టు ముందో క్యాంపస్ గుమ్మంలోనో ఇవి వెలిశాయి. వాటిని ఎవరు తీయించారు, ఎవరు అడ్డుకున్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు అన్నది చదివితే ఊరి అధికారం ఎక్కడుందో చేతికి చిక్కుతుంది.

చాపెల్ హిల్ క్యాంపస్‌లో 1913లో నిలబెట్టిన 'సైలెంట్ శామ్' విగ్రహాన్ని తొలగించాలని విద్యార్థులు ఏళ్ల తరబడి కోరారు. అలాంటి స్మారకాలను కదిలించకుండా రాష్ట్ర శాసనసభ 2015లో చట్టం చేసింది. 2018 ఆగస్టు 20 రాత్రి నిరసనకారులు దాన్ని తాళ్లతో లాగి పడగొట్టారు. 2019 జనవరిలో అప్పటి ఛాన్సలర్ కేరల్ ఫోల్ట్ మిగిలిన పీఠాన్ని తీయించమని ఆదేశిస్తూనే తన రాజీనామానూ ప్రకటించారు. అదే ఏడాది యూనివర్సిటీ వ్యవస్థ పాలకమండలి ఆ విగ్రహాన్ని కాన్ఫెడరేట్ సైనికుల వారసుల సంఘానికి ఇస్తూ దాని సంరక్షణకు 25 లక్షల డాలర్లు కేటాయించే ఒప్పందం చేసుకోగా, 2020లో న్యాయమూర్తి దాన్ని రద్దు చేశారు. రాష్ట్రంలోకెల్లా ఉదారమైనదని పేరున్న ఊళ్లో కూడా యూనివర్సిటీ మీద అసలు పెత్తనం రాష్ట్ర రాజధాని రాలీలోని శాసనసభదీ, అది నియమించే మండలిదీ అని ఈ ఒక్క కథతో తెలుస్తుంది. అక్కడ అధ్యాపక ఉద్యోగానికి వెళ్లేవారు ఈ సంగతి ముందుగానే గ్రహించాలి. నికోల్ హానా జోన్స్ అనే ప్రసిద్ధ పాత్రికేయురాలి టెన్యూర్ (శాశ్వత అధ్యాపక హోదా) విషయాన్ని పాలకవర్గం నాన్చి, చివరికి ఇచ్చినా, ఆమె దాన్ని కాదనుకుని 2021లో హోవర్డ్ యూనివర్సిటీకి వెళ్లిపోవడం కూడా ఈ కోవలోదే.

ఆక్స్‌ఫర్డ్ కథ ఇంకా స్పష్టం. అక్కడ రెండు విగ్రహాలు ఉండేవి, ఒకటి మిసిసిపీ యూనివర్సిటీ ఆవరణలో, మరొకటి ఊరి నడిబొడ్డున కౌంటీ కోర్టు ముందు. క్యాంపస్‌లోని దాన్ని కదిలించాలని విద్యార్థి సెనేట్ 2019లో ఏకగ్రీవంగా తీర్మానించింది. 2020 జూలైలో దాన్ని క్యాంపస్ అంచున ఉన్న శ్మశానవాటికకు తరలించారు. అదే నెలలో కోర్టు ముందున్న విగ్రహం ప్రశ్న కౌంటీ సూపర్‌వైజర్ల ముందుకు రాగా, దాన్ని కదిలించకూడదని వారు నిర్ణయించారు. ఒకే ఊళ్లో, నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒకే నెలలో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. క్యాంపస్ గేటు దాటితే ఆక్స్‌ఫర్డ్‌లో ఏం మారుతుందో దీనికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఏథెన్స్‌లో 1872 నాటి స్మారకం యూనివర్సిటీ ముఖద్వారం ఎదుట బ్రాడ్ స్ట్రీట్ మధ్యలో ఉండేది. రాష్ట్ర చట్టం అడ్డుగా ఉన్నప్పటికీ ఏథెన్స్-క్లార్క్ ఉమ్మడి ప్రభుత్వం 2020 ఆగస్టులో దాన్ని ఊరి శివారుకు తరలించింది. ఊరికీ కౌంటీకీ ఒకే ప్రభుత్వం ఉండటం, అందులో మేయరు, కమిషనర్లు మొండిగా నిలబడగలగడం ఏథెన్స్ ప్రత్యేకత. అయితే ఏథెన్స్‌ను తూచేటప్పుడు నేను విగ్రహం కన్నా లిన్నెన్‌టౌన్‌ను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను. 1960లలో పట్టణ పునర్నిర్మాణం పేరుతో సుమారు 50 నల్లజాతి కుటుంబాలను ఖాళీ చేయించి, ఇళ్లు కూల్చి, ఆ స్థలంలో జార్జియా యూనివర్సిటీ హాస్టళ్లు కట్టారు. అప్పట్లో అక్కడ పెరిగిన పిల్లలు పెద్దవారై పోరాడిన ఫలితంగా 2021 ఫిబ్రవరిలో స్థానిక ప్రభుత్వం ఆ అన్యాయాన్ని గుర్తిస్తూ తీర్మానం చేసింది. మనవాళ్ల పిల్లలు మొదటి ఏడాది దిగేది సరిగ్గా ఆ హాస్టళ్లలోనే కావచ్చు. ఆ నేల ఎవరిదో తెలిసి ఉండటం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

ఫేయెట్‌విల్ విషయంలో విగ్రహం కన్నా ఒక స్థానిక చట్టం కథ ఎక్కువ చెబుతుంది. లైంగికత, లింగ గుర్తింపు కారణంగా ఉద్యోగంలోనూ అద్దె ఇంటి విషయంలోనూ వివక్ష చూపకూడదంటూ ఊరి కౌన్సిల్ 2014లో చేసిన చట్టాన్ని అదే ఏడాది డిసెంబరులో ఓటర్లు కొద్ది తేడాతో రద్దు చేశారు. 2015 సెప్టెంబరులో అలాంటిదే మరో చట్టాన్ని మళ్లీ ఓటర్లే గెలిపించారు. స్థానిక ప్రభుత్వాలు ఇలాంటి చట్టాలు చేయకూడదని రాష్ట్రం అప్పటికే శాసనం చేసి ఉండటంతో 2017లో ఆర్కన్సా సుప్రీంకోర్టు ఊరి చట్టాన్ని తోసిపుచ్చింది. ఊరు తనలో తాను వాదించుకుని, ఓడి, మళ్లీ గెలిచి, చివరికి రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్ చేతిలో ఓడిందన్నమాట. అలా వాదించుకోగల ఊరంటే నాకు గౌరవం.

"మీరు ఏ చర్చికి వెళ్తారు?"

రాజకీయం నుంచి సామాజిక వాతావరణానికి వస్తే, దక్షిణాదిలో కొత్తవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇది విని చాలామంది మనవాళ్లు మతమార్పిడికి ప్రయత్నిస్తున్నారని బిగుసుకుపోతారు. కొన్నిసార్లు ఆహ్వానం వెనక ఆ ఉద్దేశం ఉండవచ్చు గాని, ఎక్కువసార్లు అది మన వైపు "మీదే ఊరండీ? మీ ఇంటిపేరేమిటి?" అని అడిగినట్టే, మనిషిని ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలుసుకునే ప్రయత్నం. మన ప్రశ్న వెనక కులం ఆరా ఎలా దాగి ఉంటుందో, ఆ ప్రశ్న వెనక కూడా జాతి, వర్గం, పార్టీ అలాగే దాగి ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఏ చర్చికి వెళ్తారన్నది తెలిస్తే మిగిలినవి చాలావరకు ఊహించవచ్చు. కాబట్టి ప్రశ్న వచ్చిందా లేదా అన్నదాని మీద ఊరిని తూచకండి. "మేము హిందువులం, గుడికి వెళ్తాం" అని మీరు చెప్పాక సంభాషణ ఏ దారి పట్టిందో చూడండి. ఏ గుడి, ఎంత దూరం, పండగకు ఏం చేస్తారని అడిగే పొరుగువారు ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఉంటారు. మాట మార్చి తలుపు వేసుకునేవారు చాపెల్ హిల్‌లోనూ ఉంటారు.

దక్షిణాది మర్యాద నిజమైనదే. ఇల్లు మారిన రోజున ఫలహారం పట్టుకొచ్చే పొరుగువారిని నేను అక్కడే ఎక్కువగా చూశాను. అయితే పలకరింపులోని తీపిని బట్టి సమానత్వాన్ని లెక్కగట్టకూడదు. సరుకుల కొట్టులో నల్లజాతి పెద్దావిడ పట్ల, స్పానిష్ మాట్లాడే కూలీ పట్ల అదే మనుషులు ఎలా మెలుగుతున్నారో చూడండి. అక్కడ మన స్థానం గట్టిదని అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. మిసిసిపీలో కిరాణా కొట్టు నడుపుకునే చైనా కుటుంబం తమ కూతురిని శ్వేతజాతీయుల బడి నుంచి పంపించివేయడాన్ని సవాలు చేసినప్పుడు, ఆ పిల్లను శ్వేతేతరుల కిందే లెక్కగట్టిన రాష్ట్రం తీరు సరైనదేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఆసియావాళ్లం కదా, నలుపు తెలుపుల గొడవ మనది కాదు అనే మాట మన ఇళ్లలో తరచు వినపడుతుంది. ఆ మాట అనేవారు ఈ తీర్పు గురించి ఒకసారి చదవాలి.

ఆక్స్‌ఫర్డ్ గతం అందరికీ తెలిసిందే. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడు 1962లో చేరడానికి వచ్చినప్పుడు సెప్టెంబరు 30 రాత్రి క్యాంపస్‌లో అల్లర్లు జరిగి ఇద్దరు చనిపోయారు. మర్నాడు సాయుధుల కాపలా మధ్య ఆయన చేరారు. 2006లో ఆయన విగ్రహం అక్కడే నెలకొల్పారు. 2014లో కొందరు విద్యార్థులు ఆ విగ్రహం మెడకు ఉరితాడు వేశారు. వారిలో ఇద్దరు ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. 2024 మే నెలలో పాలస్తీనా విషయంపై జరిగిన నిరసనలో ఒక నల్లజాతి విద్యార్థిని ఎదుట ఒక యువకుడు కోతిలా అరుస్తూ గంతులు వేసిన వీడియో దేశమంతా చూసింది, అతని ఫ్రాటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం) అతన్ని బహిష్కరించింది. ఇవన్నీ రాసింది ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లవద్దని చెప్పడానికి కాదు. ఆ ఊళ్లో జాతి గురించి మాట్లాడటం తప్పదు కనుక, అక్కడి అధ్యాపకులూ పుస్తకాల షాపులవాళ్లూ చరిత్రకారులూ ఆ పని చాలా ఊళ్లకన్నా నిజాయితీగా చేస్తున్నారు. ఉదారమని పేరున్న ఊళ్లలో ఆ మాట ఎత్తడమే అమర్యాద అయిపోయే సందర్భాలు నేను చూశాను.

చాపెల్ హిల్‌నే తీసుకుంటే, నల్లజాతీయుడైన హోవర్డ్ లీని 1969లోనే మేయరుగా ఎన్నుకున్న ఊరది. అదే ఊళ్లో 2015 ఫిబ్రవరిలో ముగ్గురు ముస్లిం యువతీయువకులను పక్కింటి వ్యక్తి వారి ఇంట్లోనే కాల్చి చంపాడు. పార్కింగ్ తగాదా అని పోలీసులు మొదట చెప్పిన కారణాన్ని ఆ కుటుంబాలు ఏనాడూ అంగీకరించలేదు. మంచి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఊరు క్షేమమని గాని, ఒక్క ఘోరం జరిగినందువల్ల అది చెడ్డదని గాని తేల్చలేం. ఘోరం జరిగిన మర్నాడు ఊరు ఏం చేసిందన్నది చూడవలసిన విషయం. అక్కడ వేలమంది కొవ్వొత్తులతో రోడ్డు మీదికి వచ్చారు.

ఫుట్‌బాల్ శనివారాల గురించి కూడా ఒక మాట. ఆక్స్‌ఫర్డ్ జనాభా 2020 లెక్కల ప్రకారం 25 వేల చిల్లర. అక్కడి స్టేడియంలో 60 వేలకు పైగా పడతారు. ఏథెన్స్ స్టేడియంలో 90 వేలకు పైగా పడతారు. ఆ రోజున ఊరు మరో ఊరైపోతుంది. ఆహ్వానిస్తే తప్పకుండా వెళ్లండి, పరాయితనం తొందరగా పోయేది అక్కడే. చీకటి పడ్డాక మాత్రం తాగిన గుంపుల మధ్య ఒంటరిగా నడవకుండా ఇంటికి చేరండి.

కౌంటీ గీత, బడి, ఇల్లు

పిల్లలున్న కుటుంబాలు పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే. ఏథెన్స్‌లో ఉద్యోగం వచ్చిన మనవాళ్లను ఇళ్ల ఏజెంటు, "మంచి బళ్లు కావాలంటే ఓకోనీ కౌంటీ చూడండి" అని పక్క కౌంటీలోని వాట్కిన్స్‌విల్ వైపు తీసుకువెళ్తాడు. బడి రేటింగుల అంకెలు చూస్తే అతని మాట అబద్ధం కాదు. కానీ ఆ పావుగంట ప్రయాణంతో మీరు బైడెన్‌కు 70 శాతం వేసిన కౌంటీ నుంచి ట్రంప్‌కు దాదాపు మూడింట రెండు వంతులు వేసిన కౌంటీకి, నల్లజాతి పిల్లలు అన్నిటికన్నా పెద్ద వర్గంగా ఉన్న బళ్ల నుంచి చాలావరకు శ్వేతజాతి పిల్లలే ఉన్న బళ్లకు మారుతున్నారు. ఉదారమైన ఊళ్లో ఉద్యోగం అని సంతోషపడి వచ్చినవారు, బడి కోసం గీత దాటి, పిల్లలు తరగతిలో ఒకే ఒక్క భారతీయులుగా మిగిలిపోయాక, ఊరు మారిపోయిందని బాధపడటం నేను చూశాను. ఊరు మారలేదు, వారే మారారు. క్లార్క్ కౌంటీ బళ్లను కూడా స్వయంగా వెళ్లి చూసి, టీచర్లతో మాట్లాడి, ఆ తరవాతే నిర్ణయించుకోమని నా సలహా. రేటింగు అంకె ఎక్కువగా కొలిచేది తల్లిదండ్రుల ఆదాయాన్నే.

ఏథెన్స్ నుంచి గంట, గంటన్నర దూరంలో అట్లాంటా ఉత్తర శివార్లు, వాటిలో వేల సంఖ్యలో తెలుగు కుటుంబాలున్న ఫోర్సైత్ కౌంటీ ఉన్నాయి. పండగలకు, కూచిపూడి క్లాసులకు, గోంగూర కట్టలకు అటే వెళ్తారు. ఆ కౌంటీ 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతీయులను తరిమివేసి, దశాబ్దాల పాటు శ్వేతజాతి కౌంటీగానే ఉండిపోయింది. 1987లో అక్కడ హక్కుల కోసం నడిచిన వారి మీద రాళ్లు పడ్డాయి. నేడు అదే కౌంటీలో మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలకు తయారవుతున్నారు. ఊరు మారగలదనడానికి ఇది సాక్ష్యమే. అయితే అక్కడ భూములు పోగొట్టుకుని వెళ్లిపోయినవారు తిరిగి రాలేదన్న సంగతినీ మన సంఘాలు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

తెలుగువారి అండ విషయంలో చాపెల్ హిల్‌కు సాటి లేదు. అరగంటలో కేరీ, మోరిస్‌విల్ ఉన్నాయి. కేరీలోని శ్రీ వేంకటేశ్వరాలయానికి 2022లో 87 అడుగుల గోపురం నిలబడ్డప్పుడు ప్రారంభించడానికి రాష్ట్ర గవర్నరే వచ్చారు. ఫేయెట్‌విల్‌కు అరగంట దూరంలోని బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉండటంతో ఐటీ ఉద్యోగులైన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరి చౌరస్తాలోని కాన్ఫెడరేట్ విగ్రహాన్ని కూడా 2020లో తీసివేశారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి పెద్ద గుడికైనా పెద్ద భారతీయ సరుకుల కొట్టుకైనా గంటన్నర ప్రయాణించి మెంఫిస్ దాకా పోవాలి. చిన్న ఊళ్లో పది పన్నెండు తెలుగు ఇళ్లే ఉంటే అందరూ కలిసి భోంచేస్తారు. పెద్ద శివార్లలో మాత్రం ప్రాంతాల వారీగా, కులాల వారీగా విడిపోయిన సంఘాలు కూడా మీకు ఎదురవుతాయి. సామాజిక వాతావరణమని మనం అంటున్నదానిలో మనవాళ్ల వాతావరణమూ ఒక భాగమే.

రాజధాని చేసే చట్టాలు

ఊరు ఎంత ఉదారమైనా చట్టం రాష్ట్రానిదే. బిడ్డను కనాలనుకునే దంపతులు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మిసిసిపీ, ఆర్కన్సాలలో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషిద్ధం. జార్జియాలో సుమారు ఆరు వారాల వరకు, నార్త్ కరోలినాలో 2023 నుంచి 12 వారాల వరకు అనుమతి ఉంది. ఇది అభిప్రాయాల సంగతిగా అనిపించవచ్చు గాని, కోరుకున్న గర్భమే మధ్యలో చెడినప్పుడు డాక్టరు ఎంత త్వరగా ముందుకు వస్తారన్నది ఈ చట్టాల మీద ఆధారపడి ఉంటుంది. చేరకముందే అక్కడి ప్రసూతి వైద్యులతో ఈ విషయం సూటిగా మాట్లాడండి.

తుపాకుల విషయంలో జార్జియా, ఆర్కన్సా రాష్ట్రాలు 2017లో చేసిన చట్టాలతో అర్హులైనవారు కొన్ని షరతులకు లోబడి యూనివర్సిటీ ఆవరణలో తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చు. నార్త్ కరోలినాలో క్యాంపస్‌లో తుపాకీతో తిరగడం నేరం. అయినా 2023 ఆగస్టులో చాపెల్ హిల్‌లోనే ఒక అధ్యాపకుణ్ణి క్యాంపస్ భవనంలో కాల్చి చంపారు. చట్టం పరిస్థితిని కొంత మార్చగలదు, అంతే.

వలస రాజకీయం సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో జార్జియా యూనివర్సిటీ ఆవరణలో పరుగుకు వెళ్లిన ఒక నర్సింగ్ విద్యార్థినిని, దేశంలోకి అక్రమంగా వచ్చిన ఒకతను హత్య చేశాడు. ఊరంతా శోకంలో ఉండగానే ఆమె పేరు జాతీయ ప్రచార సభలకెక్కింది. ఆమె పేరుతోనే వలసదారుల నిర్బంధంపై 2025 జనవరిలో ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ నెలల్లో టీవీ చూసి ఏథెన్స్‌ను అంచనా వేసినవారికి అది అచ్చంగా భయంతో, కోపంతో నిండిన ఊరిలా కనిపించి ఉంటుంది. స్థానికులకు అది ముందు ఒక బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం. వీసా మీద ఉండేవారు మాత్రం ఏ ఊళ్లో ఉన్నా కాగితాలు సరిగా పెట్టుకోవాలి, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఎంత చురుకైనదో ముందే కనుక్కోవాలి. నా దృష్టిలో ఓట్ల పటం కన్నా ఆ కార్యాలయం తీరు ఎక్కువ ముఖ్యం.

ఎవరికి ఏ ఊరు

నన్ను అడిగితే, ఒంటరిగా పీహెచ్‌డీకి వచ్చేవారికి ఏథెన్స్ మంచిది. సంగీతం, రాజకీయ చర్చ, నల్లజాతి చరిత్ర, పెద్ద నగరం దగ్గరితనం అన్నీ అక్కడ దొరుకుతాయి. ఒక్క స్టైపెండుతో బతకడం చాపెల్ హిల్ కన్నా తేలిక. స్కూలుకు వెళ్లే పిల్లలున్నవారికి, ఉద్యోగం చేయడానికి వీలులేని హెచ్-4 వీసాతో వచ్చే జీవిత భాగస్వామి ఉన్నవారికి చాపెల్ హిల్ చుట్టుపక్కల ప్రాంతం మేలు. అక్కడ సిటీ బస్సులు 2002 నుంచి ఉచితం కనుక కారు నేర్చుకునేదాకా ఇంట్లో బందీ కానక్కర్లేదు, తెలుగు మాట వినపడుతుంది. అద్దెలు, ఇళ్ల ధరలు మాత్రం నాలుగు ఊళ్లలోకీ అక్కడే బరువు.

ఫేయెట్‌విల్‌ను మనవాళ్లు అన్యాయంగా పట్టించుకోవడం లేదు. భార్యాభర్తల్లో ఒకరికి యూనివర్సిటీలో, మరొకరికి బెంటన్‌విల్‌లో పని దొరికే అవకాశం ఉన్న దంపతులకు అది చక్కటి ఊరు, రాష్ట్ర చట్టాలు తమ మీద ఎంత పడతాయో ముందే ఆలోచించుకుంటే చాలు. ఆక్స్‌ఫర్డ్‌ను నేను అందరికీ సిఫార్సు చేయను. మంచి గైడు, నచ్చిన పరిశోధన, కారు, ఒంటరితనాన్ని తట్టుకునే మనసు ఉన్నవారికి, ముఖ్యంగా చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం చదివేవారికి అది మరెక్కడా దొరకని చోటు. చిన్న పిల్లలతో, ఆ ఊళ్లో ఎవరూ తెలియకుండా వెళ్లేవారు రెండుసార్లు ఆలోచించాలి. మిసిసిపీలోనే కావాలనుకుంటే మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఉన్న స్టార్క్‌విల్‌ను కూడా చూడండి. 2018లో స్వలింగ, ట్రాన్స్‌జెండర్ వర్గాలవారి ప్రైడ్ ఊరేగింపుకు మొదట అనుమతి నిరాకరించి, దావా పడ్డాక మేయర్ లిన్ స్ప్రూయిల్ వేసిన నిర్ణాయక ఓటుతో అనుమతి ఇచ్చిన ఊరది. ఆ ఊరేగింపుకు వేలమంది వచ్చారు.

వెళ్లి చూడగలిగితే జూలైలో వెళ్లండి. విద్యార్థులు లేని ఆ నెలలో ఊళ్లో మిగిలినవారే అసలు ఊరు. కౌన్సిల్ సమావేశానికి వెళ్లి, ప్రజలు మాట్లాడే సమయంలో ఎవరు లేచారో, వారి మాటకు కౌన్సిలర్లు తలెత్తి చూశారో లేదో గమనించండి. వెళ్లలేనివారు ఆ సమావేశాల వీడియోలనూ, విద్యార్థుల పత్రికలైన డైలీ టార్ హీల్, రెడ్ అండ్ బ్లాక్, డైలీ మిసిసిపియన్ పాత సంచికలనూ మూడు నెలలవి తిరగేయండి; యూనివర్సిటీ పంపే రంగుల పుస్తకంలో లేనివన్నీ వాటిలో ఉంటాయి. ఆ తరవాత విభాగంలో మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న ఇద్దరికి, వీలైతే వారిలో ఒకరు నల్లజాతి విద్యార్థిని అయ్యేలా చూసుకుని, ఫోన్ చేయండి. "ఊరు బాగుంటుందా?" అని అడిగితే మర్యాదకు బాగుంటుందనే అంటారు. సెలవుల్లో రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీ నుంచి ఇంటికి ఎలా వెళ్తారో, దారిలో ఏ వీధి తప్పించుకుంటారో అడగండి.